రెండో పిలుపు

వజ్రపుకొత్తూరు దాటి సముద్రం వైపు వెళ్ళే ఇసుకబాటకి ఎడమచేతి పక్కన, జీడితోటా కొబ్బరితోటా ఏది ఎక్కడ మొదలైందో తెలియకుండా కలిసిపోయిన చోట, లోకనాథం అనే కుర్ర ఎలుగుబంటి ఉండేవాడు. పేరు వింటే లోకాలన్నీ ఏలుతున్నాడనుకుంటాం. ఆయనగారు మాత్రం దారిలో ఉడత ఎదురైతే చాలు, అంత ఒళ్ళూ వేసుకుని పొదలోకి దూరిపోయేవాడు. ఉడతంటే భయం కాదు. ఎదురుపడ్డాక ఏదో ఒకటి మాట్లాడాలి కదా, అదీ భయం.

బాగున్నావా అని అడుగుదామనుకుంటాడు. బాగోలేదు అంటే? ఏం, ఎందుకని అని అడగాలి. అడిగితే నీకెందుకు అంటుందేమో. అడక్కుండా వెళ్ళిపోతే ఎంత పొగరో చూడు అనుకుంటుందేమో. పోనీ ఊరికే నవ్వేద్దామా అంటే, ఎలుగుబంటి నవ్వితే పళ్ళు కనిపిస్తాయి, పళ్ళు కనిపిస్తే ఎదుటివాళ్ళు మరోలా అనుకుంటారు. ఇతను ఈ లెక్కలన్నీ తేల్చుకునేలోపు ఆ ఉడత చెట్టెక్కి, పిల్లలకి పాలిచ్చి, ఒక కునుకు తీసి లేచేది.

చిన్నప్పుడు ఈ బాధ లేదు. ఎలుగు పిల్లలు తల్లి వీపు మీద కూర్చునే లోకం చూస్తాయి. లోకనాథం లోకం కూడా చూడలేదు, తల్లి కాంతమ్మ మెడ దగ్గరి జూలులో మొహం దాచేసుకుని తోటలన్నీ తిరిగాడు. ఎవరైనా పలకరిస్తే కాంతమ్మే జవాబు చెప్పేది. "మా బాబుకి సిగ్గు" అనేది. ఆ ఒక్క మాటతో ఇతని పని అయిపోయేది. ఈడు పిల్లలంతా వీపు దిగి పరుగులు పెడుతున్నా ఇతను దిగలేదు. కాళ్ళు నేలకి తగిలి ఈడ్చుకుపోతున్నా దిగలేదు. చివరికి కాంతమ్మే ఒకరోజు ఒంగి, ఒళ్ళు దులుపుకుని దించేసింది.

కొత్త వెయ్యేళ్ళు మొదలయ్యాయని మనుషులు హడావుడి చేసిన ఏడాది, ఎండలు ముదిరేసరికి కాంతమ్మ మళ్ళీ కడుపుతో ఉంది. చల్లగా ఉంటుందని మహేంద్రగిరి కొండల వైపు బయల్దేరింది. పిల్ల ఎదిగాక తల్లి తన దారిన తను పోవడం ఎలుగుల పద్ధతి, అందులో ఏడవడానికేం లేదు. లోకనాథం ఏడ్చాడు, అది వేరే సంగతి.

"ఈ తోట ఇంక నీదిరా బాబూ. వేరుపనస కూడా నీదే. పండిందంటే పిలుపుకి నువ్వే ఎల్లాల" అంది కాంతమ్మ.

"నానా ఎల్లాల?"

"మరెవులు? నువ్వు పిలవకపోతే రేపట్నుంచి నిన్నూ ఎవులూ పిలవరు. తోటలో ఉన్నా లేనట్టే అయిపోతావు. అలగ బతకలేవురా."

ఈ వేరుపనస సంగతి చెప్పాలి. బాగా ముదిరిన పనసచెట్టు ఒక్కోసారి కొమ్మకి కాయక వేరుకి కాస్తుంది. కాయ మట్టిలోనే ఊరుతుంది. పండినప్పుడు పైన నేల కొంచెం బీటలిచ్చి సన్నగా వాసన వస్తుంది, అంతే గుర్తు. తోట కృష్ణారావుగారిది. ఆయన కొమ్మల కాయలన్నీ కోయించి పలాస పంపేస్తాడు గాని వేరుకాయ జోలికి మాత్రం రాడు. అది ఎలుగుది అని వాళ్ళ తాతల నాటి నుంచీ వదిలేస్తున్నారు. ఆ వాసన పసిగట్టే ముక్కూ, ఆ నేల పెళ్ళగించే గోళ్ళూ ఎలుగుకే ఉన్నాయి కాబట్టి, పండు తీసి తోటలోని ఇరుగుపొరుగుకి పెట్టడం ఎలుగు ఇంటి వంతు. అందుకు బదులుగా జీడిపళ్ళు రాలి గుట్టలు పడ్డ చోటుకి ముంగిస పిలుస్తుంది. దోసపాదుల దగ్గర కాపలా లేనిరోజు నక్క కబురు పెడుతుంది. కర్రలూ డప్పులూ పట్టుకుని మనుషులు తోటలోకి వస్తుంటే కొమ్మ మీద నుంచి ఉడత అరిచి చెబుతుంది. ఈ పిలుపుల్లో లేనివాడు ఎంత బలిసినవాడైనా ఒక్క వేసవి దాటలేడు.

పైగా అంతకుముందు వచ్చిన తుపానుకి పెద్ద పనసచెట్లన్నీ కూలిపోయి ఇదొక్కటే మిగిలింది. తుపాను తర్వాత తోటలో అందరూ కలిసి కూర్చున్నదే లేదు. అందుకని ఈసారి పనస మీద అందరికీ ఆశ ఉంది. ఆ సంగతి తెలిసి లోకనాథానికి నిద్ర పట్టడం మానేసింది.

పండు పండినట్టు ఒకరోజు తెల్లవారుతూనే అతని ముక్కుకి తెలిసిపోయింది. తెలియనట్టు కాసేపు నటించాడు. వాసన ఊరుకోలేదు. ఇంక తప్పదని, పిలుపు మాట ఒక చెదల పుట్ట ముందు నిలబడి సాధన చేశాడు. "రేపు పొద్దు వాలే యేలకి మా పనస కాడికి ఇంటిల్లిపాదీ రావాల." అమ్మ అనే మాటే. మొదటిసారి గొంతు రాలేదు. రెండోసారి మరీ గట్టిగా వచ్చి, బెదిరించినట్టు వినిపించింది. మెత్తగా అంటే బతిమాలినట్టుంది. ఇదేమిటో చూద్దామని చెదపురుగులు బయటికొస్తే వాటిని తినేసి, మళ్ళీ మొదలుపెట్టాడు. ఎలాగైతేనేం, ఎండ ఎక్కేలోగా పిలుపుకి బయల్దేరాడు.

మొదటి గడప ముంగిస బొడ్డమ్మత్తది. తుపానులో పాత కలుగు నీళ్ళకి కొట్టుకుపోయి, ఇప్పుడు పడిపోయిన కొబ్బరిమాను కింద ఉంటోంది. లోకనాథం వెళ్ళి, నేల చూసుకుంటూ, పిలుపు మాట తప్పు లేకుండా చెప్పేశాడు. అంత బాగా చెప్పినందుకు తనకే ఆశ్చర్యమేసింది. ఆ ఉత్సాహంలో, అమ్మ ఎక్కడికెళ్ళినా ఒక ఆప్యాయత మాట అనేది కదా అని గుర్తొచ్చి, "సిక్కిపోయినావత్తా" అన్నాడు.

"ఊఁ" అంది బొడ్డమ్మ.

ఆ 'ఊఁ' వెంటబెట్టుకుని లోకనాథం ఉప్పుటేరు గట్టు దాకా నడిచాడు. చిక్కిపోయావంటే ఏమిటర్థం? ఇల్లు పోయి, తిండి లేక చిక్కింది కదా. ఎత్తిపొడిచినట్టే కదా అది. వెనక్కి వెళ్ళి, లావుగానే ఉన్నావని చెప్పొద్దామా అనుకున్నాడు. అది ఇంకా ఘోరంగా ఉంటుందని మానుకున్నాడు.

గట్టు మీద నక్క రామూర్తి మావ కాళ్ళు చాపుకుని పడుకుని ఉన్నాడు. నౌపడ ఉప్పుమడుల దగ్గర నుంచి గాలి ఉప్పగా వీస్తోంది. పిలుపు విని "వత్తాన్రా అల్లుడా" అని లేచి కూర్చుని, లోకనాథం మొహం చూసి ఫక్కున నవ్వాడు. ఎందుకు నవ్వాడో చెప్పలేదు. ఇతను అడగలేదు. అడగనందుకు మిగిలిన దారంతా తనని తాను తిట్టుకున్నాడు.

ఉడత జగదాంబ పిన్ని దగ్గర మాట్లాడే అవసరమే రాలేదు. ఇతను నోరు తెరిచేలోగా ఆవిడ తుపాను సంగతులూ, పిల్లల దగ్గులూ, కృష్ణారావుగారి కోడలు కొత్తగా కొన్న మిక్సీ చేసే రొదా అన్నీ చెప్పేసింది. మధ్యలో దొరికిన ఒక సందులో పిలుపు మాట దూర్చాడు. "సర్లే సర్లే" అంది ఆవిడ. ఒక్కసారి సర్లే అంటే వస్తానని. రెండుసార్లు అంటే? విసుక్కున్నట్టు కాదూ?

చివరిది మొగలిపొదల్లో ముళ్ళపంది దాలయ్య తాత బొరియ. దాలయ్య ఎవరితోనూ మాట్లాడడు. బొరియ ముందు లోకనాథం అడుగుల చప్పుడు కాగానే లోపల ముళ్ళన్నీ గలగలమని లేచి నిలబడ్డాయి. లోకనాథం ఆ చీకటి కన్నంలోకి పిలుపు మాట ఒక్క ఊపిరిలో అనేసి, జవాబు కోసం ఆగకుండా పారిపోయి వచ్చాడు.

ఇంటికొచ్చి చెట్టు మొదట కూలబడ్డాడు. భయంగా ఉన్నా, లోపల ఎక్కడో కాస్త గర్వంగా కూడా ఉంది. పిలుపు అయిపోయింది. ఇంక పండు తీసి పెట్టుకుంటే, వాళ్ళంతట వాళ్ళే వస్తారు.

అలా అనుకోవడంలో అతని తప్పు లేదు, ఉన్నా అది మొహం దాచుకున్నవాడి తప్పు. ఏటా తల్లి వీపు మీద ఎక్కి పిలుపుకి వెళ్ళాడు. మర్నాడు ఆవిడ పండు తవ్వి తీసేది. ఆ వాసనకి మత్తెక్కి, వీపు మీదే, జూలులో ముక్కు పెట్టుకుని నిద్రపోయేవాడు. కళ్ళు తెరిచేసరికి అందరూ వచ్చి చెట్టు చుట్టూ కూర్చుని ఉండేవారు. ఆ నిద్రకీ ఈ మెలకువకీ మధ్య ఏం జరిగేదో అతనికి తెలియదు. కాంతమ్మ చెప్పలేదు. అందరికీ తెలిసిన సంగతి ఎవరు మాత్రం పనిగట్టుకుని చెబుతారు?

మర్నాడు మధ్యాహ్నానికి పండు బయటపడింది. ఎర్రమట్టి అంటుకుని, ఇతని తలకాయకి రెండింతలుంది. గోళ్ళతో జాగ్రత్తగా చీల్చి, పసుపుపచ్చని తొనలు ఒక్కొక్కటీ తీసి, పడిపోయిన కొబ్బరిమట్టల మీద పరిచాడు. బొడ్డమ్మత్త పళ్ళు అరిగినది కదా అని మెత్తవి ఒక పక్కన పెట్టాడు. పిక్కలు దాలయ్య తాతకి ఇష్టమని అవి వేరే కుప్ప వేశాడు. వేరుపనస పగిలిన పూటే తినాలి, మర్నాటికి పులిసిపోతుంది. మూతి దగ్గర తొన పెట్టుకుని కూడా రుచి చూడలేదు. చుట్టాలు తినకముందు పెట్టేవాడు తినకూడదు.

పొద్దు వాలింది. ఎవరూ రాలేదు.

కొబ్బరిచెట్ల నీడలు బాట దాటి అవతలి తోటలోకి పోయాయి. ఈగలు వచ్చాయి. చీమలు బారులు కట్టాయి. చీమలకి పిలుపు అక్కర్లేదు కాబట్టి అవి హాయిగా తింటున్నాయి. లోకనాథం బాట వైపు చూశాడు, మళ్ళీ తొనల వైపు చూశాడు. దూరంగా రైలు కూత వినిపించి ఆగిపోయింది.

రారు. ఎందుకొస్తారు? ఇల్లు పోయిన మనిషిని పట్టుకుని చిక్కిపోయావు అన్నాను. నా మొహం చూస్తేనే రామూర్తి మావకి నవ్వొచ్చింది. జగదాంబ పిన్ని సర్లే సర్లే అనేసింది, దాలయ్య తాత ముళ్ళు లేపాడు, ఇంకా ఏం చెప్పాలి. వాళ్ళంతా కలిసి ఎక్కడో కూర్చుని నా గురించే మాట్లాడుకుంటూ ఉంటారు. అమ్మ ఉంటే వచ్చేవారు. ఇన్నాళ్ళూ వచ్చింది అమ్మ కోసం, పనస కోసం కూడా కాదు. ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయి, చివరికి తోటలో చీమలు తప్ప తన మొహం చూడగోరేవాళ్ళెవరూ లేరని తేల్చుకున్నాడు. ఏడుపు రాలేదు, ఏడిస్తే తేలిగ్గా ఉండేది.

వెళ్ళిపోదామనుకున్నాడు. తీరం వెంట నడుచుకుంటూ డొంకూరు వైపు పోతే అక్కడ తనెవరో ఎవరికీ తెలియదు. ఆ పక్క జంతువులు ఒడియా కూడా మాట్లాడతాయట. భాష రాదని ఊరుకోవచ్చు, బతికినన్నాళ్ళూ ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. ఈ ఆలోచన అతనికి ఎంత నచ్చిందంటే, లేచి తొనల మీద ఆకులు కప్పడం మొదలుపెట్టాడు. తల్లి ఇచ్చిన తోట, తల్లి ఇచ్చిన చెట్టు, అన్నీ వదిలేసి పోవడానికి సిద్ధపడిపోయాడు పిచ్చివాడు.

కానీ బొడ్డమ్మత్త 'ఊఁ' ఇంకా చెవిలోనే ఉంది. మిగిలినవాళ్ళు తనని ఏమన్నా అనుకోనీ, తను మాత్రం ఆవిణ్ణి నొప్పించి వెళ్ళిపోవడం బాగోదు. ఆ ఒక్క మాటకీ తప్పయిందని చెప్పి, ఆ దారినే పోదామని కొబ్బరిమాను వైపు నడిచాడు.

బొడ్డమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది. మొహం కడుక్కుంది. తోక దువ్వుకుంది. పిల్లలిద్దరూ పక్కన బుద్ధిగా కూర్చుని, ఆకలికి ఆవులిస్తున్నారు.

"అత్తా, నిన్న నాను అలగ అనకూడదు. తప్పయిపోనాది" అన్నాడు లోకనాథం.

"ఏ మాట్రా?"

"సిక్కిపోయినావని."

బొడ్డమ్మ అతని మొహంలోకి చూసింది. "సిక్కిపోయినాను కాబట్టి సిక్కిపోయినావన్నావు. మీయమ్మ తరవాత ఆ మాట అన్నోడివి నువ్వేరా. నువ్వు ఎల్లేక ఏడుపొచ్చింది నాకు." ఆగి, కొంచెం కోపంగా అంది. "అది సరే గాని, పొద్దుట్నించి తిండి తినకండా కూకున్నాం. పిలుపేదిరా?"

"నిన్న పిలిసినాను కదత్తా."

"అది మొదటి పిలుపు. రెండో పిలుపేది?"

లోకనాథానికి అర్థం కాలేదు. ఆవిడకి అతనికి అర్థం కాలేదన్న సంగతి అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"పండు తీసి ఆకుల్లో పెట్టినాక మళ్ళీ రావాలి కదరా గుంటడా. ఆకులేసినాం, లెగండి అని పిలవాల. మీయమ్మ పిలిసేది కాదేటి? ఎండలో నిన్ను మోసుకుని మా గుమ్మం ముందు నిలబడి మరీ పిలిసేది."

"నాను ఈపు మీదే తొంగునీవోణ్ణి" అన్నాడు లోకనాథం చిన్నగా.

బొడ్డమ్మ నవ్వలేదు. నవ్వితే ఇతను ఇసుకలోకి కూరుకుపోయేవాడని ఆవిడకి తెలుసు.

"అయితే అత్తా, ఒకపాలి పిలిత్తే సాలదేటి?"

"సాలదురా. ఒకపాలి పిలిత్తే మరియాదకి పిలిసినాడేమో అనిపిత్తాది. ఎల్తే ఏటనుకుంటాడో, ఎల్లకపోతే ఏటనుకుంటాడో అని కూకుంటాం. రెండోపాలి వత్తే అప్పుడు తెలుత్తాది, మనం లేపోతే ఈడికి తోచటం లేదని." ఆవిడ గొంతు తగ్గించింది. "నువ్వు రాకపోతే నానేటనుకున్నానో తెలుసా? నిన్న నీకు కూకోమని కూడా సెప్పలేదు నాను. ఆ కోపానికి మానీసినావనుకున్నాను. పొద్దుట్నించి అదే ఆలోసన."

ఇంత చక్కగా మొహం కడుక్కుని, ఇంత పెద్ద మనిషి, పొద్దుటి నుంచీ తన గురించి ఇలా ఆలోచిస్తూ కూర్చుందా? ఇన్నాళ్ళూ ఈ జబ్బు తనొక్కడికే ఉందనుకున్నాడు లోకనాథం.

"ఇప్పుడేటి సెయ్యాల?" అన్నాడు.

"ఏటుంది, బేగి ఎల్లి అందర్నీ పిలు. నీ తరపున నాను పిలిత్తే సెల్లదు. ముందు నన్ను పిలు."

లోకనాథం నిలబడి ఊపిరి తీసుకున్నాడు. సాధన చేసిన మాట కాదు ఇది. "ఆకులేసినానత్తా. లెగండి. మీరు రాకపోతే నాకు తోచటం లేదు" అన్నాడు. చివరి మాట పద్ధతిలో లేదు. బొడ్డమ్మ దాన్ని సరిదిద్దలేదు, పిల్లల్ని తట్టి లేపింది.

తర్వాత లోకనాథం పరుగెత్తాడు. ఎలుగు పరుగెత్తితే ఎలా ఉంటుందో ఆ పూట ఉద్దానం జీడితోటలన్నీ చూశాయి. పొద్దు కుంగుతోంది, తొనలకి చీమలు పడుతున్నాయి, ఆలోచించడానికి సమయం లేదు. ఆలోచించడానికి సమయం లేకపోవడం అతనికి జీవితంలో అదే మొదటిసారి.

ఉప్పుటేరు గట్టు మీద రామూర్తి తోక కిందేసుకుని కూర్చుని ఉన్నాడు. పిలుపు విని ముందు కళ్ళు తుడుచుకున్నాడు. "నిన్న నీ ముక్కు మీద జీడిపూత అంటుకుని ఉందిరా అల్లుడా. అందుకు నవ్వినాను. సెప్పాలనుకునీలోపు ఎల్లిపోనావు. ఆ నవ్వుకే నన్ను మానీసినావనుకుని, రాత్రినుంచి ఎన్నిసార్లు తిట్టుకున్నానో" అన్నాడు. లోకనాథం గబుక్కున ముక్కు తుడుచుకున్నాడు. పూత ఇంకా అక్కడే ఉంది.

జగదాంబ కొమ్మ చివర మౌనంగా కూర్చుని ఉంది. జగదాంబ మౌనంగా ఉందంటే ఎంత బాధలో ఉందో ఊహించుకోండి. ఇకమీదట ఎవరింటికైనా వెళ్తే నోరు కట్టుకుంటానని, నిన్న కుర్రాణ్ణి ఒక్క మాట అననివ్వలేదని, అందుకే రెండో పిలుపు రాలేదని పిల్లలతో చెబుతోంది. పిలుపు వినగానే, కట్టుకుంటానన్న నోరు అక్కడే విప్పేసింది. ఆ సంగతులన్నీ దారిలో చెబుదువుగాని పిన్నీ అని లోకనాథం అన్నాడు. అన్నాక, ఎంత మాటన్నానని భయపడటం మర్చిపోయి మొగలిపొదల వైపు మళ్ళాడు.

బొరియ ముందు అడుగుల చప్పుడుకి మళ్ళీ ముళ్ళు గలగలలాడాయి. లోకనాథం కాళ్ళు వెనక్కి లాగాయి. పారిపోలేదు. కన్నం ముందు ఇసుకలో చతికిలబడ్డాడు.

"తాతా, ఆకులేసినాను. లెగు."

లోపల గలగల ఆగలేదు.

"పిక్కలు నీకని వేరే పెట్టినాను." కన్నం దగ్గరికి మొహం ఒంచాడు. "నాకూ పది మందిలోకి రావాలంటే భయమే తాతా. ఇయాల నా ఇంటి కాడే భయంగా ఉంది."

లోపల నుంచి, వాడక తుప్పుపట్టిన గొంతు ఒకటి వచ్చింది. "కోపం కాదురా నాది. ఎవులైనా వత్తే ముళ్ళు వాటంతటవే లేసిపోతాయి. ఎవులికీ సెప్పుకోలేను. మీయమ్మ ఏటా రెండుపాలీ వచ్చి పిలిసేది. ముళ్ళతో పది మందిలో ఏటి కూకుంటానని నానే ఎల్లీవోణ్ణి కాదు."

ఏటా అమ్మ పిక్కల కుప్ప ఒకటి పక్కన తీసి, చివర్లో ఆకులో కట్టి ఎక్కడికో పట్టుకెళ్ళేదని లోకనాథానికి అప్పుడు గుర్తొచ్చింది. "లేసినా పర్లేదు తాతా. కొంచెం ఎడంగా కూకుంటాం" అన్నాడు. అని, లేచి ముందు నడిచాడు. వెనక్కి తిరిగి చూడలేదు. ఎవరైనా తిరిగి చూస్తే తనైతే ఆగిపోయేవాడు కాబట్టి. బాట సగం నడిచాక వెనకాల గలగల వినిపించింది.

పొద్దు పూర్తిగా కుంగకముందే చెట్టు చుట్టూ అందరూ చేరారు. చీమల్ని దులిపి, తొనలు అందరికీ వడ్డించాడు లోకనాథం. బొడ్డమ్మత్తకి మెత్తవి, రామూర్తి మావకి కండపట్టినవి. దాలయ్యని చూసి ముందు అందరూ కాస్త సర్దుకున్నారు. జగదాంబ ఆయన పక్కనే కూర్చుని తుపాను కథ మొదటి నుంచీ ఎత్తుకుంది. ఎవరో ఒకరు వినేవాళ్ళు కావాలి ఆవిడకి, జవాబు చెప్పక్కర్లేని పని ఆయనకి కావాలి. కాసేపటికి ముళ్ళు ఒకటొకటిగా వాలాయి. తుపాను తర్వాత ఆ తోటలో నవ్వులు వినిపించడం అదే మొదలు.

వడ్డించడం అయిపోయాక లోకనాథం మెల్లగా జరిగి చెట్టు వెనక్కి, తవ్విన గోతి పక్కకి పోయి నిలబడ్డాడు. అందరూ తింటుంటే చూడటం బాగుంది. ఇదే చాలనిపించింది. ఇక్కణ్ణుంచి చూస్తే ఎవరికీ అడ్డం ఉండడు, ఏమీ మాట్లాడక్కర్లేదు.

"లోకనాథం, నువ్వూ రారా. తిను" అంది బొడ్డమ్మ.

"మీరు కానీండత్తా. నాను తరవాత తింటాను."

మర్యాదకి పిలిచింది, అనుకున్నాడు. పెట్టినవాణ్ణి తినమనకపోతే బాగోదు కదా. ఇప్పుడు వెళ్ళి మధ్యలో కూర్చుంటే ఎవరి పక్కన కూర్చోవాలి? మాట్లాడుతున్నవాళ్ళు తనని చూసి ఆపేస్తే? గోతిలో మట్టి కాలితో నెడుతూ నిలబడ్డాడు. చెట్టు అవతల మాటలు సాగుతూనే ఉన్నాయి. అవి అలా సాగిపోతుంటే, అనుకున్నదే నిజమని మనసు కొంచెం చిన్నబోయింది.

అంతలో ముళ్ళు గలగలమన్నాయి. దాలయ్య తాత లేచి, చెట్టు చుట్టూ తిరిగి, గోతి దాకా వచ్చి నిలబడ్డాడు. పది మందిలో నోరు విప్పి ఎన్నేళ్ళయిందో ఆయనకే తెలియదు. ముళ్ళన్నీ భయంతో నిక్కబొడుచుకుని ఉన్నాయి. మాట మాత్రం స్పష్టంగా వచ్చింది.

"ఆకులేసినాంరా లోకనాథం. లెగు."

చెట్టు ఇవతల నుంచి లోకనాథం తొంగి చూశాడు. ఎవరూ తినడం లేదు. కొబ్బరిమట్ట మీద, బొడ్డమ్మత్తకీ రామూర్తి మావకీ మధ్య, ఎలుగు పట్టేంత చోటు వదిలిపెట్టి ఉంది. అక్కడ ఆకు మీద తొనలు ఎప్పుడో పెట్టేశారు.

లోకనాథం కన్నీళ్ళు తుడుచుకుని, తాత వెనకాలే నడిచాడు, ముళ్ళకి కొంచెం ఎడంగా.